కత్తిరించేసిన అంచు

కూర్చో, కూర్చో అంటారేంటండీ సిస్టర్ గారూ! లోపల ఆపరేషన్ మొదలెట్టేశారా? రత్నమాణిక్యం గారండి, మా వారి అక్కగారు. కిడ్నీ తీసేస్తున్నది ఆవిడకే.

ఆపమనండి. మీకు దండం పెడతాను, ఒక్క నిమిషం ఆపమనండి!

నేనెవర్నా? సత్యశ్రీనండి. రావులపాలెంలో నెట్ సెంటర్ నాది. వదిన ఎక్స్‌రే వైజాగ్ డాక్టరు గారికి మెయిల్లో పంపింది నేనే. ఆ బొమ్మ చూసే కదండీ ఆయన ఇవాళ రాజమండ్రి వచ్చింది?

మొదట పంపింది ఆయన కంప్యూటర్లో తెరుచుకోలేదండి. టిఫ్ ఫైలు, బోలెడు బరువు. ‘జేపెగ్ చేసి పంపమ్మా’ అన్నారు. చేశాను. ఇంకా తేలిగ్గా వెళ్తుందని చుట్టూ ఉన్న నల్ల అంచు కత్తిరించేశాను. ఖాళీగా ఉందిగా, దాంతో ఏం పనిలే అనుకున్నాను.

ఆ అంచులోనే ఉందండి ‘ఆర్’ అక్షరం! కుడి పక్క ఏదో చెప్పే అక్షరం!

ఇవాళ పొద్దున స్కానర్ తుడుస్తూ చూద్దును కదా, ఫిల్మ్ నా దగ్గరే ఉండిపోయింది. ‘ఆర్’ తిన్నగా కనబడేలా కిటికీ వెలుగులో పట్టుకున్నాను. పాడైన కిడ్నీ కుడి పక్కనుంది. కంప్యూటర్లో బొమ్మ తెరిస్తే ఎడమ పక్కనుంది. ఫిల్మ్ తిరగేసి పెట్టి స్కాన్ చేసేశానండీ! ఆ అక్షరం ఉంటే, అద్దంలోలా తిరగబడిందని డాక్టరు గారు ఇట్టే కనిపెట్టేవారు.

బాగున్న కిడ్నీ తీసేస్తే మనిషి బతుకుతుందా? చెప్పండి!

ఫోనా? చేశానండి, ఎన్నిసార్లు చేసినా ఎంగేజే. ఇదిగో ఫిల్మ్. లోపలికి పట్టికెళ్ళండి. పరుగెత్తండి సిస్టర్ గారూ!

...వచ్చారా? ఏమన్నారు? నవ్వుతున్నారేంటండీ?

పొద్దున్నే మళ్ళీ స్కానింగ్ తీయించారా? కోసింది కుడి పక్కేనా? నిజంగా? ‘ఎవరో పంపిన బొమ్మ చూసి కత్తి పడతానా’ అన్నారా?

అమ్మో. కూర్చుంటాను. ఇప్పుడు కూర్చుంటానండి.

మంచినీళ్ళొద్దు. ఏంటీ, మంచి మరదల్నా? పరుగెత్తుకొచ్చాననా? అలా అనకండి.

నన్ను కంప్యూటర్ క్లాసుకి పంపింది ఆవిడే. మా అత్తగారు వద్దంటే, ‘దాన్ని నేర్చుకోనీ అమ్మా’ అని దెబ్బలాడి మరీ పంపింది. అలాంటి మనిషి బల్ల మీదుంటే నేనేం చేశానో తెలుసా?

బస్సు జొన్నాడ వంతెన ఎక్కగానే ఆ ఫిల్మ్ కిటికీలోంచి బయటకి పెట్టానండి. కంప్యూటర్లోది అప్పటికే చెరిపేశాను. ఇదీ వదిలేస్తే గోదాట్లో కలిసిపోతుంది. తప్పు నాదని ఎవరికి తెలుస్తుంది? ఆవిడకేమైనా అయితే ఖర్మ అనుకుంటారు.

వదల్లేదు లెండి. వదిన మీద ప్రేమతో కాదు.

కండక్టరు చూస్తున్నాడు.