పాక కింద మరక

ఏంటమ్మా గ్లోరీ, రెండు తెప్పించావా? ఫోన్లో బొమ్మ చూపించినప్పుడు ఒకటే అనుకున్నాను. ఆ, బాగానే ఉన్నాయిలే, గోడ నుంచి గోడకి సరిపోతాయి. క్రిస్మస్ అంటే మీకు ఇల్లంతా కప్పెయ్యాలి. నన్నెందుకు లెమ్మంటావు, ఈ గడప పక్క కుర్చీలో నాకు హాయిగానే ఉంది. నువ్వు పరుచుకో. తివాచీయా? మా రోజుల్లో జంపఖానా అనేవాళ్ళం. దారంతో నేసినవి, ఎర్రచారలు, ఒక్కొక్కటి మొయ్యడానికి ఇద్దరు కావాలి. ఈ హాల్లో మొదటిసారి పరిపించింది మీ నాయనమ్మే. జోజమ్మ అనగానే ఫోటోలో మనిషే కదా నీకు. నువ్వు పుట్టక ముందే పోయింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే పూజ చేసే స్వామివారు కూడా పుస్తకం మూసి వినేవారు. అది సరే. ఏం చెబుతున్నాను? జంపఖానా.

అప్పుడు ఇక్కడ ఈ బండలు లేవు. సిమెంటు నేల, పెచ్చులూడి గుంటలు గుంటలుగా ఉండేది. నేను స్కూల్లో అటెండర్ని. ముప్పై రెండేళ్ళు గంట కొట్టానమ్మా, ఒక్క నిమిషం తేడా రాలేదు. గోడ గడియారం తప్పొచ్చుగానీ శౌరయ్య గంట తప్పదనేవాళ్ళు. బీడీ లేదు, చుక్క లేదు, పేకముక్క ముట్టింది లేదు. గొప్ప కోసం చెప్పట్లేదు, మనిషన్నాక అలాగే ఉండాలి. ఆ సంవత్సరం హెడ్మాస్టరుగారు తనంతట తనే అన్నారు, శౌరయ్యా, ఈసారి క్రిస్మస్ భోజనం మీ ఇంట్లోనే, సార్లందరం వస్తాం అని. మీ నాయనమ్మకి ఆ పూట నుంచి నిద్ర లేదు. "అంతమంది సార్లని ఈ గుంటల్లో కూర్చోబెడతానా? మీకు సిగ్గు లేకపోతే నాకుంది" అని నన్ను వెంటబెట్టుకుని బస్టాండు వెనక చాంద్‌బాషా షాపుకి నడిచింది. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, జంపఖానాలు, పెళ్ళయినా చావైనా ఊరందరికీ ఆయనే ఇచ్చేవాడు. ఆ ఏడాది విశేషం ఏంటంటే, మన క్రిస్మస్ అయిన మూడో రోజున వాళ్ళ రంజాను పండగ. ఆయన రోజా ఉన్నాడు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మీ నాయనమ్మ అడిగింది వినగానే గోడకి ఆనించిన చుట్టల మీద చెయ్యి వేశాడు. "చెల్లెమ్మా, పెద్దవి ఈ రెండే. ఈద్గాకి అని ఉతికించి చుట్టిపెట్టాను. నువ్వడిగావు కాబట్టి ఇస్తాను, ఇరవయ్యారు పొద్దున్నకి నాకు చేరాలి. మెతుకు పడితే దులుపుకుంటాను, పులుసు పడితే కడుక్కుంటాను. ఒక్కటి మాత్రం పడకూడదు. దాని పేరు నా నోటితో చెప్పించకండి" అన్నాడు. నేను ముందుకెళ్ళి, బాషాగారూ, మాట నాది, చుక్క వేసుకున్నవాడు మా గడప దాటి లోపలికి రాడు అన్నాను. ఆయన నవ్వి, "మీరున్నాక నాకేం భయం" అన్నాడు. రిక్షాబండి మీద పంపించాడు.

పరిచాక చూడాలి ఈ హాలు. మీ నాయనమ్మ అంచులు సర్దీ సర్దీ మోకాళ్ళు ఎర్రగా చేసుకుంది. కిటికీ కింద స్టూలు మీద పశువుల పాక, గడ్డి, బాలయేసు బొమ్మ. మధ్యాహ్నం సార్లు వచ్చారు, బూట్లు బయట విప్పారు, వరసగా కూర్చున్నారు. హెడ్మాస్టరుగారు జంపఖానా మీద చెయ్యి రాసి, "ఏం శౌరయ్యా, మా ఇంట్లో కూడా లేదయ్యా ఇలాంటి హాలు" అన్నారు. మీ నాయనమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది. ఆవిడ మొహం అంత వెలగడం నేను మళ్ళీ చూళ్ళేదు. తిన్నారు, కబుర్లు చెప్పుకున్నారు, లేచారు. వాళ్ళని సాగనంపడానికి మెయిన్‌రోడ్డు దాకా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పాక స్టూలు మీద లేదు. హాలు మూల, జంపఖానా మీద పెట్టి ఉంది. ఇక్కడికెందుకు వచ్చిందే అన్నాను. "అక్కడ దారికి అడ్డంగా ఉంది" అంది, నా వైపు చూడకుండా. ఆవిడకి అబద్ధం చేతకాదు. ఆ రోజు అలాగే అనుకున్నాను. పాక ఎత్తి చూస్తే కంచమంత మరక. వాసన వేరే చెప్పాలా?

ఆవిడ తమ్ముడు యేసురాజని ఉండేవాడు, పెనుగొలనులో పత్తి పనులకి పోయేవాడు. అక్క ఇంట పండగకొచ్చి, లుంగీలో సీసా దోపుకొచ్చాడు. సార్లు లేవగానే స్టీలు గ్లాసులో పోసుకున్నాడు. వెనక వసారాలో కూలబడి ఉన్నాడు నేను వెళ్ళేసరికి. "పండగ కదా బావా, కొంచెమే బావా. గ్లాసు జారింది గానీ నేను జారలేదు బావా" అంటున్నాడు. చెంప మీద ఒక్కటిచ్చి బస్సెక్కించాను. అది వేరే సంగతి.

నేనేం చేశాననేది కదా నువ్వడిగేది. చెబుతాను, తప్పు చెప్పకూడదు. సబ్బు పెట్టి రుద్దు, ఎండలో ఆరెయ్యి, మరక లోపలికి పోయేలా చుట్టి పంపించేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నాను. నేనే అన్నాను. మీ నాయనమ్మ నన్ను ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. "దాని మీద నుదురు ఆనించి మొక్కుతారండీ వాళ్ళు. మీ మాట పోతుందని ఆయన నమాజు చెడగొడతారా?" అంది. నువ్వు గనక వెళ్ళి చెబితే నేనా బజార్లో తలెత్తుకుని తిరగలేను అన్నాను. కాసేపు అలాగే నిలబడింది, నేను కూడా వస్తానేమోనని. తర్వాత కొంగు నెత్తి మీదికి లాక్కుని వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. వెంట వెళ్ళనూ లేదు.

చాంద్‌బాషా బండితో తనే వచ్చాడు. నేను పెరట్లో ఉండిపోయాను. గొంతు పెంచలేదు, తిట్టలేదు. "ఏ మూల చెల్లెమ్మా?" అని ఒక్కటే అడగడం వినపడింది. వాగు దగ్గర మూడుసార్లు కడిగించాడట. అంత మందం గుడ్డ, డిసెంబరు మంచు, పండగ పొద్దుటికి కూడా ఆరలేదు. ఈద్గాలో వెనక వరసకి జంపఖానా లేదు. ఆయనా, కొడుకులూ, ఇంకో పదిమందీ ఆయన భార్య గౌసియాబీ ఇంట్లోంచి తెచ్చిన పూల దుప్పట్లు పరుచుకుని నమాజు చేశారు. పెద్దలు అడిగారట, ఏం బాషా, రెండోది ఏదీ అని. "తడిసింది" అన్నాడట. అంతే. దేంతో తడిసిందో చెప్పలేదు, ఎవరింట్లోనో చెప్పలేదు. ఇదంతా రిక్షా అతను చెబితే నాకు తెలిసింది. నేను నాలుగేళ్ళు ఆ షాపు ముందు నుంచి నడవలేదు, స్కూలుకి కోమటి బజారు చుట్టి పోయేవాణ్ణి. ఆలస్యం కాకుండా పావుగంట ముందు బయల్దేరేవాణ్ణి. గంట మాత్రం తప్పలేదు.

నాలుగేళ్ళకి మీ నాయనమ్మ పోయింది, మూడు రోజుల జ్వరంతో. ఎవరూ కబురు చెయ్యకుండానే చాంద్‌బాషా షామియానా వేయించి, కింద జంపఖానా పరిపించాడు. అదే, ఎర్రచారలది. ఆవిడ లోపల పడుకుని ఉంది, ఇదిగో, నువ్వు మోకాళ్ళ మీద ఉన్నావే, ఆ చోట. నేను బయట ఆయన పక్కన కూర్చున్నాను. ఇక లాభం లేదు, చెప్పెయ్యాలని, బాషాగారూ ఆ రోజు మా ఇంట్లో అని మొదలుపెట్టాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఎందుకండీ అవన్నీ. చెల్లెమ్మ ఆ రోజే చెప్పింది. 'దాచడానికి లేదు, వెళ్ళి చెప్పిరా అని మా ఆయనే పంపారన్నయ్యా, సిగ్గుతో తను రాలేకపోయారు' అంది. పరువు పోతుందని తెలిసీ పంపిన మనిషి మీరు" అన్నాడు. అక్కడితో ఆగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, మాటంటే శౌరయ్యగారిది అన్నాడు. అందరూ నా వైపు చూసి తలూపారు.

నేనూ తలూపాను.

నిజం చెబితే చచ్చిపోయిన మనిషిని అబద్ధాలకోరును చేసినట్టు కదా అని సర్దిచెప్పుకున్నాను. అది సాకు. ఆయన కూడా పోయాడు, రెండేళ్ళవుతుంది. మొన్న కొడుకు అఫ్రోజ్ మందుల షాపు దగ్గర కనిపించి, మామయ్యగారూ, మా నాన్న మీ గురించి పిల్లలకి చెబుతుండేవాడండీ అన్నాడు. ఏం చెప్పేవాడో నేను అడగలేదు.

ఆ మూల ముడత పడింది చూడు, లాగు. వద్దమ్మా, నేను రాను, నాకిక్కడే బాగుంది. కాళ్ళు చల్లగా ఉంటే ఉండనీ. ఏంటది, పాక తెచ్చావా? స్టూలు మీద పెట్టు. కింద పెట్టకు.