వాకిట్లో సెంబు నీలు

నవ్వకు బావా. సచ్చి నాలుగేల్లయినాది, ఇంకా ఫొటోలో కాకీబట్టలేసుకుని ఆ నవ్వేటి నీకు? ఇయ్యాల గాని నవ్వినావంటే దండ తీసీసి గోడకేసి తిప్పీగల్ను.

నీకు తెలిసిపోయినాది కదూ? ముప్పై యేల్లు నీకు నీతులు సెప్పిన ఈ జగ్గమ్మ ఏటి సేసినాదో.

అబ్బో, అప్పుడెలాగుండీదాన్ని! నువ్వు టేసన్లో ఎవుడి మీదన్నా సెయ్యి సేసుకున్న రోజు నీ మొకం సూసే పోల్సీసీదాన్ని. గుమ్మం తొక్కనిచ్చీదాన్నా? పీనుగుని మోసొచ్చినోడిలాగ వాకిట్లోనే నిలబెట్టి, నెత్తి మీద సెంబులతోటి నీలు గుమ్మరించీదాన్ని. "ఎలాటోడైనా కట్టీసి కొట్టడం పాపం" అనీదాన్ని. హెడ్డుగారి పెల్లానికి ఎంత దరమమో అనీవోరు వీదిలో. నాకూ బాగానే ఉండీది మరి.

"పసిపిల్ల పేనం మీదకొచ్చినా కొట్టకూడదేటే?" అన్నావొకసారి, గుర్తుందా? "అప్పుడైనా తప్పే" అన్నాను, సింతపండు పిసుకుతా. పిసుకుతా ఎన్నయినా సెప్పొచ్చు.

ఈమద్దిన పిల్లల్నెత్తుకుపోయీవోలు తిరుగుతున్నారని సెల్లుల్లో ఒకటే గోల. మంగలారం మద్దేనం నీ మనవరాలు దీపిక కనపడకుండా పోయినాది. ఐదేల్ల పిల్ల బావా! పిలిచి పిలిచి నా గొంతుక పోయినాది. అదే యేలకి వీదిలోకొచ్చినాడు, ఎంట్రుకలకి గిన్నెలిచ్చీవోడు. దాలయ్యట, నరసన్నపేట అవతలోడట. అదంతా తరవాత తెలిసినాది. ముందడిగినోలెవులు?

ఆడి సంచి కుమ్మరిస్తే ఎంట్రుకల్లో దీపిక ఎర్రరిబ్బను. ఇంకేటి కావాలి? కరెంటు స్తంబానికి కట్టీసినారు. మగోలు కొడతన్నారు, ఆడు "నాకు తెల్దు బాబూ" అంతన్నాడు.

నన్నెవులూ రమ్మన్నేదు. ఎవులూ సెప్పనేదు. నానే లోపలికెల్లి, ఆవకాయకని ఆడించిన కారం గుప్పెడు తెచ్చి ఆడి కల్లల్లో కొట్టినాను. "నా పిల్లేదిరా?" అన్నాను. ఓలమ్మా, ఆ అరుపు! ఆగినాననుకున్నావా? రెండో గుప్పెడు పట్టినాను. అప్పుడన్నాడు, "గెడ్డకాడ, గెడ్డకాడ ఒగ్గీసినాను" అని.

నీకాడ దాపరికమేటి, ఎంత సంతోసమేసిందో! మగోలంతా కొట్టినా రానిది నాను రప్పించినానని గరవం కూడాను. "గాదె ఇంకా సూడనేదత్తా" అని కోడలంతంటే, "ఆడొప్పుకున్నాక ఇల్లెతుకుతావేటే?" అని రెక్కట్టుకుని లాక్కెల్లిపోయినాను.

ఊరంతా గెడ్డలో దిగినాం. మోకాల్లోతు నీలు. తుంగ పీకినాం, ఇసక తవ్వినాం. రెండు గంటలు.

కల్లు తిరిగి కోడలు మంచినీలకని ఇంటికొచ్చినాది. కాలీ దాన్యం గాదెలోంచి గీకిన సప్పుడు. దాక్కుందామని పిల్ల అందులో దూరినాది, మూత పడిపోయినాది. తీసీసరికి ఒల్లంతా సెమట, నోట మాట నేదు. ఇంకో అరగంటయితే... వద్దులే. బతికినాది. నా తెలివికి కాదు, కోడలి దాహానికి బతికినాది.

రిబ్బనేటంతావా? వారం కితం రాలిన ఎంట్రుకల ఉండతోటి పాటు కోడలే ఇచ్చీసినాదట, స్టీలు గిన్నెకి. ఎంట్రుకలమ్మితే నాను తిడతానని దాసినాది. స్తంబం కాడ సెప్పీద్దామని నోరు తెరిసినాదట. నా సేతిలో కారం సూసి మూసీసుకున్నాదట. నా దరమం ఇంట్లో అంత బాగా ఎలిగినాది బావా.

కేసులో పదకొండుమంది మగోల పేర్లున్నాయి. నా పేరు నేదు. "హెడ్డుగారి బారియ" అని ఎస్సైబాబు ఒగ్గీసినాడు. ఇదిగో, ఇక్కడ నవ్వుకో, ఒప్పుకుంతాను.

ఆసుపత్రికెల్లినాను, అరిటిపల్లట్టుకుని. ఒక కన్ను మరి రాదంతన్నారు. కన్ను పోయినోడికి అరిటిపల్లు! "గెడ్డని ఎందుకన్నావు నాయినా?" అన్నాను. నా గొంతు పోల్చి ఆడు గోడకి జరిగిపోయినాడు. అప్పుడు సెప్పినాడు: "ఏదోటి సెప్తే గాని నువ్వు ఆగవు కదమ్మా."

మిగిలిన కారంతోటే ఆవకాయ కలిపినాను. పారబొయ్యడానికి మనసొప్పనేదు. బాగా కుదిరిందంతన్నారు.

తప్పేనా, అంతావా? తప్పే. ఏ గుల్లోనైనా ఒట్టేసి సెప్తాను. కానీ బావా, రేపు మల్లీ ఆ పిల్ల కనపడకపోతే? నోటితోటి తప్పు తప్పంతానే ఉంతాను. సెయ్యి మాత్తరం కారం డబ్బాకే ఎల్తాది. అదే నా బయం. కొట్టిందానికంటే అదే ఎక్కువ బయంగా ఉన్నాది.

పొద్దున్న వాకిట్లో నిలబడి నాకు నానే పోసుకున్నాను నీలు. నెత్తి మీద సెంబు తరవాత సెంబు. నువ్వడిగీవోడివి కదా, "పాపం పోయిందేటే?" అని. "పోయినాది, లోపలికి రా, కూడు సల్లారిపోతాది" అనీదాన్ని. నాకేటి తెలుసని అనీదాన్నో!

నన్ను రమ్మనీవోలు నేరు. తడిబట్టలతోటి కాసేపు సూసినాను. సూసి సూసి, నానే లోపలికొచ్చీసినాను.