ఆయన టిక్కెట్టు మీద అత్తయ్య

మైదానం గేటు బయట పెద్ద క్యూ. అందులో ఒక కోడలు, ఆమె పక్కన అత్తగారు.

“అది కాదత్తయ్యా, నడుం పట్టేసినవాళ్లు మంచం మీద పడుకుంటారు కానీ, మనల్ని సాగనంపడానికి మెట్లు దిగి వీధి చివరిదాకా వస్తారా?”

“వచ్చాడు కదూ!”

“వచ్చారు. తన టిక్కెట్టు మీ చేతిలో పెట్టి, ఆటో కూడా ఆయనే పరిగెత్తి ఆపారు.”

“నీ మొగుడంతే.”

“మీ అబ్బాయే కదా.”

“నేను కన్నప్పుడు బాగానే ఉన్నాడమ్మాయ్. ఇంతకీ ఈ పాడేవాళ్ల పేరేంటన్నావు?”

“పిల్లిమొగ్గలు.”

“ఆ?”

“బ్యాండు పేరత్తయ్యా. పిల్లిమొగ్గలు.”

“ఇదెక్కడి పేరే! రిటైరయ్యేదాకా బళ్లో డ్రిల్లు టీచరుగా పిల్లలచేత పిల్లిమొగ్గలు వేయించాను. ఒక్కడంటే ఒక్కడు టిక్కెట్టు కొనుక్కుని చూడ్డానికి రాలేదు.”

“కాలేజీ రోజుల నుంచీ వీళ్లంటే నాకు ప్రాణం. ఇన్నాళ్లకి మన ఊరొచ్చారు. మీకు నచ్చకపోతే మధ్యలోనే వెళ్లిపోదాం, మొహమాటపడకండి.”

“నచ్చకపోతే చెవుల్లో దూది పెట్టుకుంటా. తెచ్చుకున్నా. ఏయ్, నీలంచొక్కా! నువ్వే! క్యూ అక్కడ మొదలవుతుంది. ఆ, అక్కడ. వెనక్కి. ఇంకా వెనక్కి.”

“అత్తయ్యా, వదిలేయండి, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. వెళ్లాడా లేదా? ఉద్యోగానికి రిటైర్మెంటు కానీ గొంతుకి కాదు. సరే, ఇందాక ఆటోలో ఏదో చెప్పబోయావు.”

“నేనా? ఏం లేదే.”

“‘అత్తయ్యా, మీతో ఒక మాట’ అన్నావు.”

“అదా... అదే, దూది తెచ్చుకున్నారా అని.”

“ఓహో.”

“మీ మోకాళ్లు ఎలా ఉన్నాయత్తయ్యా?”

“బాగున్నాయి.”

“నిద్ర బాగా పడుతోందా?”

“పడుతోంది.”

“ఈమధ్య ఎండలు కూడా మరీ...”

“అమ్మాయ్. ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే ముందు నువ్వు ఇలాగే కబుర్లు చెప్తావటగా? పక్కింటావిడ చెప్పింది. ‘మీ కోడలు మోకాళ్లెలా ఉన్నాయి, పిల్లలెలా ఉన్నారు అంటూనే సూది దింపేస్తుందండీ, తెలియనే తెలియదు’ అని.”

“ఆవిడకి నరం దొరకడం కష్టమండీ, అందుకని...”

“ఇప్పుడు నాకెక్కడ గుచ్చబోతున్నావు?”

“అయ్యో, గేటు తీశారు! పదండి పదండి, ముందు వరస దొరుకుతుంది!”

వేదిక ముందు, జనం మధ్య. మొదటి పాట మొదలైంది.

“వీడు పాడుతున్నాడా, ఎవరైనా కాలు తొక్కారా?”

“అది ఆలాపన అత్తయ్యా!”

“ఆ?”

“ఆలాపన!”

“ఏం లాభమనా? నేనూ అదే అడుగుతున్నా!”

“ముందు ఆ దూది తీయండి!”

“ఉండు. బాబూ, పొడుగాయనా! నువ్వు కాదు, నీ ముందాయన. ఎత్తుని బట్టి నిలబడాలి. పొట్టివాళ్లు ముందుకి, పొడుగువాళ్లు వెనక్కి. ఊఁ, కదలండి, కదలండి!”

“అక్కా, ఇందాకటి నీలంచొక్కాని నేనే. మీ అమ్మగారు భలే ఉన్నారు. ఇప్పుడు నాకూ స్టేజీ కనబడుతోంది.”

“మా అత్తగారండీ.”

“అత్తగారితో వచ్చారా! మీ గుండె ధైర్యానికి దండం పెట్టాలి.”

“అమ్మాయ్, ఏమంటున్నాడతను?”

“మిమ్మల్ని మెచ్చుకుంటున్నాడత్తయ్యా.”

“మెచ్చుకోడూ మరి! ఉండుండు, ఈ పాట నాకు తెలుసు. ‘తలుపు తట్టి వెళ్లిపోయింది వాన’... ఇదే కదూ?”

“మీకెలా తెలుసు?”

“నువ్వు గదిలో పెడుతుంటే గోడవతల రోజూ వింటున్నా కదే. రెండో చరణంలో గాయకుడికి కాస్త ఆయాసం. అయినా కసరత్తుకి మంచి తాళం. ఈమధ్య పొద్దున్నే దీనికే దూకుతున్నా.”

“పొద్దున్నే ఆ దబదబా... ఈ పాటకా!”

“ఏం, తాళం తప్పుతున్నానా?”

“అత్తయ్యా, ఇక నావల్ల కాదు. చెప్పేస్తా.”

“ఆ?”

“చెప్పేస్తానంటున్నా! మేం వేరే...”

“ఈ డప్పుల్లో వినబడట్లేదు! గట్టిగా!”

“మేం వేరే ఇల్లు చూసుకున్నాం!”

సరిగ్గా అప్పుడే పాట ఆగింది. చుట్టూ అందరూ ఇటు తిరిగారు.

“అయ్యో, పాట ఎందుకాపేశారు వీళ్లు!”

“ఎక్కడ చూసుకున్నారక్కా? లిఫ్టుందా?”

“నువ్వు నోరుమూసుకో, నీలంచొక్కా. అమ్మాయ్, ఇలా రా. ఆ మంచినీళ్ల కుళాయి దగ్గరికి.”

కుళాయి దగ్గర. పాట దూరంగా వినబడుతోంది.

“కోపం వచ్చిందా అత్తయ్యా?”

“లేదు.”

“వచ్చింది.”

“నేనేం చేశానో చెప్పు. మీ ఇద్దరి మధ్య ఎప్పుడైనా తలదూర్చానా?”

“అయ్యో, లేదు. ఆస్పత్రికి దగ్గరని చూశాం. అంటే... అదొక్కటే కాదనుకోండి. నాకు రాత్రి డ్యూటీలు కదా. వచ్చి అలా కన్ను మూస్తానో లేదో, గోడవతల మీ కసరత్తు.”

“ఆ మాట నాతో అనొచ్చుగా!”

“అనిపించాను కదండీ, మీ అబ్బాయితో. ‘చచ్చినా మానను’ అన్నారట మీరు.”

“నేనా? ఎప్పుడు? వాడు నాతో ఏమన్నాడో తెలుసా? ‘తనకి నీ చప్పుడంటే ఇష్టమమ్మా, ఇంట్లో మనిషి అలికిడి ఉంటేనే హాయిగా నిద్రపడుతుందట’ అన్నాడు. నీకు నిద్ర పట్టాలని పనిగట్టుకుని దూకుతున్నా!”

“అయ్యో నా రాత!”

“మరి నువ్వో? డ్యూటీ దిగి వచ్చి, నా మొహం కూడా చూడకుండా గదిలోకి దూరి తలుపేసుకుంటావు. నీకు చికాకని, ఎవరూ పలకరించకూడదన్నావని వాడే చెప్పాడు.”

“నేనలా అన్లేదత్తయ్యా! ఆస్పత్రి వాసన మీకు కడుపులో తిప్పుతుందని, మీ ఎదుట పడొద్దని ఆయనే...”

“నాకు వాసనా? ఆటల్లో మోకాళ్లు గీరుకున్న పిల్లలకి మందు రాసి రాసి, ఆ వాసన తగిలితే నాకు ప్రాణం లేచొస్తుందే! రోజూ వాడికో కప్పు, నీకో కప్పు కాఫీ కలిపి బల్ల మీద పెడతా. నువ్వు నీది ముట్టుకోనైనా ముట్టుకోవు.”

“అది నాకా! ‘అమ్మ నాకోసం పెట్టింది’ అని ఆయన తాగేస్తారు.”

“రెండు కప్పులూనా?”

“రెండూనూ.”

“అందుకా వాడికి మధ్యాహ్నందాకా ఆకలెయ్యదు! అమ్మాయ్, నిజం చెప్పు. ఈ ఇంటి సంగతి నాకు చెప్పమని వాడే పంపాడా?”

“ఊఁ. ‘నువ్వే మెల్లగా చెప్పు, నేను చెప్తే అమ్మ ఏడుస్తుంది’ అన్నారు. నడుం నొప్పి అందుకే.”

“నాకూ ఒక పని ఒప్పజెప్పాడు. ‘తను వేరింటి మాట ఎత్తుతుంది, నువ్వే ఎలాగో మాన్పించమ్మా, నేను కాదంటే తను ఏడుస్తుంది’ అని.”

“అంటే మీకు ముందే తెలుసా!”

“తెలుసు. నీ నోటంట వస్తుందేమో చూద్దామనుకున్నా. తెలిసి కూడా, వినేసరికి గుచ్చుకుందే.”

“నన్ను క్షమించండత్తయ్యా.”

“నువ్వేం చేశావు పిచ్చిదానా! వాడు చూడు, గోడ మీద పిల్లి. ఇటు నీకూ సరే, అటు నాకూ సరే.”

“మనిద్దరి ఖర్మ.”

“నవ్వకు. నాకూ నవ్వొస్తోంది. ఆ ఇంట్లో గదులెన్ని?”

“రెండు. మధ్యలో హాలు. ఒక గది చప్పుడు ఇంకో గదికి వినబడదు.”

“వంటింట్లో వెలుతురు?”

“తూర్పు వైపు పెద్ద కిటికీ ఉంది. ఎందుకత్తయ్యా?”

“ఊరికే. అదిగో నీ ఫోను మోగుతోంది. వాడేనా? స్పీకరు పెట్టి ఇలా ఇవ్వు. నువ్వు మాట్లాడకు.”

“హలో, చెప్పేశావా? అమ్మ ఏడ్చిందా?”

“ఇంకా లేదురా.”

“అ... అమ్మా! నువ్వా! తనేదీ?”

“పక్కనే ఉంది. నడుం ఎలా ఉంది నాయనా?”

“నడుమా? ఆ... అబ్బా... పర్లేదు. అమ్మా, మీరిద్దరూ ఏమైనా... మాట్లాడుకున్నారా?”

“మాట్లాడుకున్నాం. మధ్యలో నువ్వు లేకుండా మాట్లాడుకోవడం, మీ పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.”

“అంటే... ఇల్లు మారడం ఉన్నట్టా, లేనట్టా?”

“ఉన్నట్టే. వచ్చే ఆదివారం.”

“హమ్మయ్య! అంటే... హమ్మయ్య అని కాదనుకో. నువ్వు ఒక్కదానివే ఉండగలవా అమ్మా?”

“నేనెందుకు ఒక్కదాన్నే ఉంటాన్రా? వెళ్లేది నేనూ, నా కోడలూను. నువ్వు అప్పుడప్పుడూ వస్తూ ఉండు. కానీ వచ్చే ముందు ఫోను చెయ్యి.”