వంకర దీపం

తిరిగింది చాల్లేగానీ ఇట్లా వచ్చి కూర్చో సుహైలూ. నీ పెళ్ళాం లోపల నొప్పులు పడుతుంటే నువ్వు వాకిట్లో గిరగిరా తిరిగితే ఏమొస్తుంది, నా తల తిరగడం తప్ప. ఇంద, పిస్తాలు తిను. వద్దా? సరే, నేనే తింటా. ఆ గూట్లో వంకర గాజు దీపం ఉంది చూడు, అది తీసుకురా. రెండు చేతులా పట్టుకో, చేతికి ఏదో ఒక పనుండాలి నీకు.

మీ ముత్తాత ఊదిందిరా అది. మా నాన్న బద్రాన్. ఈ అలెప్పోలో గాజు ఊదేవాళ్ళకేం కొదవ, కానీ ఆయన బుగ్గలు... నవ్వకు, నిజంగానే తోలుసంచుల్లా వేలాడేవి. మా అమ్మ ఆట పట్టించేది కూడా. ఏం చెప్తున్నా? ఆఁ, దీపం. మసీదు కోసం చేసిందది. నాన్న ఊదితే, యూనుస్ అని స్నేహితుడు, వట్టి కోపిష్టి, కళ్ళు పోయేలా కూర్చుని దాని మీద నీలం, బంగారు రంగుల్లో లతలు గీశాడు. ఆ రంగు అంటుకోవాలంటే దీపాన్ని కడ్డీకి తగిలించి మళ్ళీ కొలిమిలో పెట్టాలి. తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, గాజు మెత్తబడి ఓ పక్కకి వాలిపోతుంది. అందుకే తిప్పేవాణ్ణి ఎవరూ పలకరించకూడదు. సలాం కూడా చెప్పరు. అది కొలిమి దగ్గర కట్టుబాటు.

సరిగ్గా నాన్న దాన్ని తిప్పుతున్న పూటే అమ్మకి నొప్పులొచ్చాయి. అంతకుముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడు ఆ కబురు తెచ్చిన మంత్రసాని సాలిమా గుమ్మంలో నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఒక్క మాటా మాట్లాడలేదట. నాన్న అది మర్చిపోలేదు. ఈసారీ ఆమే వచ్చింది. వగరుస్తూ నోరు తెరవబోతే యూనుస్ గాడు వేలు పెదాల మీద పెట్టి ఆపేశాడు. పాపం, ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. నాన్న తలెత్తి చూశాడు. అంతే, చెయ్యి ఆగిపోయింది.

దీపం వాలిపోతోంది. యూనుస్ మూగవాడిలా చేతులూపుతున్నాడు. నాన్నేమో కొయ్యబారి అట్లాగే ఉన్నాడు. ఇక సాలిమా ఆగలేకపోయింది. “మగపిల్లాడయ్యా బద్రానూ. తల్లీ బిడ్డా బాగున్నారు. ఈ మహానుభావుడు నా నోరు నొక్కేశాడు” అంది.

ఆ మగపిల్లాణ్ణి నేనే. ఇట్లా ముసలాణ్ణై నీ పిస్తాలు తింటున్నాను. నాన్న కడ్డీ యూనుస్ చేతిలో పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఏడుస్తూ, నవ్వుతూ బజారంతా పరిగెత్తాడట. మసీదుకి వేరేది చేసిచ్చారులే. పాడైన గాజు ఎవరిదైనా మళ్ళీ కొలిమిలోకే పోవాలి, కానీ దీన్ని మాత్రం నాన్న పోనివ్వలేదు. యూనుస్ మా ఇంటికొచ్చినప్పుడల్లా నన్నూ దీన్నీ మార్చిమార్చి చూసి, “నా దీపమే అందంగా ఉండేదిరా” అనేవాడు. ఆనాటి నుంచి మన ఇళ్ళల్లో మంచైనా చెడైనా కబురు తెచ్చేవాళ్ళు అరుస్తూ రావాల్సిందే. లోపలున్న మంత్రసానికీ పొద్దున్నే చెప్పా. అందుకే కదరా, నేను ఇంతసేపూ నోరు మూయకుండా వాగుతున్నది. ఈ నిశ్శబ్దం నాక్కూడా...

ఉండు. విను.

అదిగో, మీ అత్త అరుస్తోంది. ఇద్దరూ బాగున్నారట. ఆడపిల్లట. ఇంకా ఆ దీపం పట్టుకుని నిలబడ్డావేంరా? పగిలితే పగిలింది, అక్కడ పడేసి లోపలికి పో.