రోడ్డు అవతలి ఊరుబిండి

సోమందేపల్లె హైవే పక్కన ఎదురెదురుగా రెండు సంగటి హోటళ్లు. మధ్యాహ్నం తన హోటలు మూసి, పెద్దకోడలు రోడ్డు దాటి చిన్నకోడలి హోటలుకు వచ్చింది.

“రా అక్కా. సంగట్లో నంజుకోను చేసిన చెనిక్కాయల ఊరుబిండి తిని చూడు.”

“నాదీ ఇవే చెనిక్కాయలు, ఇవే మిరపకాయలు. నీదే రుచిగా ఉండాదే!”

“నువ్వు మిక్సీకి వేస్తావు. నేను రోట్లో నూరుతా.”

“మీ బావ నిన్ను మళ్లీ మన హోటలుకే పిలుచుకొని రమ్మన్నాడు పాపా. జనమంతా ఈడికే వస్తాండారు.”

“ఊరుబిండిలో వెంట్రుక వచ్చిందని, తినేవాళ్ల ముందర నన్ను రెక్క పట్టి బయటికి తోస్తివి. అది నెరిసిన వెంట్రుక అక్కా. నా తలలో యాడుండాది నెరుపు?”

“నాదేనని అప్పుడే తెలుసు.”

“ఆ మాట ఈడ తింటాండేవాళ్లకు గట్టిగా చెప్పు.”

“చెప్తే వస్తావా?”

“రాను. నువ్వు చెప్తాంటే వినాలని ఉండాది, అంతే.”