కిర్రుమంటున్న కాలు

కిర్రుమంటోంది తమ్ముడూ, ఒట్టు! నీ ముందు కిమ్మనట్లేదు గానీ, ఇంటి దగ్గర అడుగేస్తే చాలు, నూనె లేని గేటులా ఒకటే మోత. డాక్టరు ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోయినట్టు, నీ బల్ల ఎక్కగానే దీనికి ఎక్కళ్ళేని బుద్ధి వచ్చేసింది.

ఏదీ, విప్పి ఇచ్చానుగా, మడమ నొక్కి చూడు. గట్టిగా నొక్కవయ్యా! నువ్వు చేసిన కాలేగా, మొహమాటం దేనికి?

లేదా? సరే, అయితే ఆ పైనున్న గిన్నె చూడు, మోకాలు దూర్చేది. లోపల ఒరుసుకుపోతోంది. ఏంటి, ప్యాంటు పైకి లాగమంటావా? అబ్బే, అదెందుకు ఇప్పుడు! కొలతలు తీసుకున్నప్పుడు ఆ మొండి చూశావుగా. కోసిన డాక్టరు, కట్టు కట్టిన నర్సమ్మ, నువ్వు. ఇంట్లోవాళ్ళకి దక్కని భాగ్యం మీ ముగ్గురికీ దక్కింది. కట్టు మార్చే వేళకి మా ఆవిణ్ణి రోజూ మందులకని తరిమేసేవాణ్ణి. మందుల షాపతను ఆవిణ్ణి చూసి ఆస్పత్రి ఉద్యోగి అనుకున్నాడు పాపం.

నవ్వకు. స్క్రూ తిప్పు.

అంత తొందరేంటంటావా? ఆదివారం మ్యాచుంది. ఆఁ, నాకే! వాలీబాల్. కూర్చుని ఆడే వాలీబాల్.

డ్రిల్లు మాస్టార్ని కదా మరి! ఇన్నేళ్ళూ బడి గ్రౌండులో నిలబడి "ఎగరరా! ఎగరవేం రా, నిన్ను నేలకి మేకులు పెట్టి కొట్టారా?" అని పిల్లల ప్రాణాలు తీసినవాణ్ణి. మోకాలు గీరుకుపోయి ఎవడైనా ఏడిస్తే, "ఉఫ్ అని ఊదుకుని ఆడరా, అదే పోతుంది" అనేవాణ్ణి. ఒంట్లో షుగరు పెట్టుకుని, బూటు కరిస్తే నాకూ అదే వైద్యం చేసుకున్నా. పోయింది. పుండు కాదు, కాలు.

తర్వాత ఇంట్లో కూర్చుని ఏం చేశాననుకున్నావు? విజిలు వేశాను! నిజం. అమ్మాయి ఆలస్యంగా లేస్తే విజిలు. మంచినీళ్ళు కావాలంటే విజిలు. ఓ రోజు మా ఆవిడ దాన్ని పట్టుకెళ్ళి ఎక్కడో దాచేసింది. "ఏవండీ, మీరు ఏదో ఒక ఆట చూసుకోండి. లేదంటే మేమిద్దరం వేరే ఇల్లు చూసుకుంటాం" అంది.

ఆట వెతకడం మొదలెట్టా. వికలాంగులకని ప్రత్యేకంగా ఆటలగది ఉందంటే వెళ్ళా. రెండో అంతస్తు! లిఫ్టుంది, తాళమేసి ఉంది. తాళంచెవి ఏదయ్యా అంటే, పైన ఆఫీసులో ఉందట. ఆ ఏర్పాటు చేసినవాడెవడో గానీ, వాడికి దణ్ణం పెట్టాలి.

స్విమ్మింగ్ పూల్‌కి వెళ్ళా. గదిలో కాలు విప్పేసి నీళ్ళలోకి దిగమన్నాడు అక్కడి కోచ్. విప్పేసినవాడు గదిలోంచి నీళ్ళదాకా ఎలా వస్తాడో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. బొమ్మల క్లాసులో చేరా. "మీ కంటికి ఏది కనిపిస్తే అది గీయండి" అంది టీచరమ్మ. ముగ్గురు నా కాలు గీశారు. ఒకాయన బాగానే గీశాళ్ళే, నువ్వు చేసినదానికన్నా నున్నగా వచ్చింది.

ఆఖరికి నువ్వే కదా ఆ హాలు సంగతి చెప్పావు! పట్టీ బిగిస్తూ, "మాస్టారూ, మన దగ్గర కాళ్ళు చేయించుకున్నవాళ్ళు కొందరు అక్కడ ఆడుకుంటారు, ఓసారి వెళ్ళి చూడండి" అనలా? అదిగో, నీ పుణ్యమే ఇదంతా.

వెళ్ళి చూద్దును కదా, గుమ్మం ముందు చెప్పులు విడిచినట్టు గోడవారగా కాళ్ళు విడిచిపెట్టి ఉన్నాయి. నెట్టు కిందికి కట్టారు. జనం నేల మీద పాకుతున్నారు, జారుతున్నారు, ఒకటే అరుపులు. కెప్టెన్ ఒక టైలరమ్మ. చిన్నప్పుడే పోలియో వచ్చిందట. కాళ్ళు రెండూ సన్నం గానీ, గొంతు మాత్రం నా విజిలుకి అక్కయ్య.

"మాస్టారూ, కాలు అక్కడ పెట్టి రండి" అంది.

"నేను వేసుకునే ఆడతానమ్మా" అన్నా. పరువు కదా! "మీ ఇష్టం" అంది. బంతి కోసం ఇటు ఒరిగేసరికి, కాలు అటు గిర్రున తిరిగి పక్కన ఆడుతున్న ఒక ఫోటోగ్రాఫరు డొక్కలో తగిలింది. నీ సరుకు గట్టిదని ఆ రోజే రుజువైంది.

ఇక విప్పక తప్పలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని విప్పాను తమ్ముడూ. ఏమైందనుకున్నావు? ఒక్కడూ తల తిప్పి చూళ్ళేదు! "సర్వీసు ఎవరిది?" అంది టైలరమ్మ, అంతే. నాకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

ఆ ఆటలో ఒక దిక్కుమాలిన రూలుంది. బంతి కొట్టేటప్పుడు పిర్రలు నేల మీంచి లేవకూడదు. లేస్తే ఫౌలు. నాకేమో బంతి కనపడితే చాలు, ఒళ్ళు దానంతటదే ఎగిరేస్తుంది. లేని కాలు కూడా ఎగురుతుంది! "లేచింది!" అని అరుస్తుంది టైలరమ్మ. మళ్ళీ కొడతా. "మాస్టారూ, మళ్ళీ లేచింది!" ఎగరనివాళ్ళని ఎండలో నిలబెట్టినవాణ్ణి, ఎగిరినందుకు తిట్లు తింటున్నా. ఆ పిల్లలందరి ఉసురూ వచ్చి నా పిర్రలకి తగులుకుంది.

అయినా... చెప్పనా? అక్కడున్నంతసేపూ హాయిగా ఉంటుంది. కాలు పోయాక నేను కడుపుబ్బా నవ్వింది ఆ హాల్లోనే.

మరింకేం, ఏంటి నీ బాధ అంటావా? చెప్తా. నువ్వు ముందు ఆ నట్టు చూడు.

పోయిన నెల మొదటి మ్యాచు. ఇంట్లో గొప్పలు పోయా. అమ్మాయి తన స్నేహితులందరికీ చాటింపేసింది. మా ఆవిడ నా చొక్కా తనే ఇస్త్రీ చేసింది. హాలుకి వెళ్ళా, గోడ దగ్గర నిలబడ్డా. వెనక్కి తిరిగి చూస్తే ముందు వరసలో తల్లీకూతుళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. పట్టీ మీద చెయ్యేశాను. వేలు కదల్లేదు తమ్ముడూ.

కాలు నొప్పిగా ఉందని చెప్పి, వచ్చి వాళ్ళ పక్కనే కూర్చున్నా. నేను లేకపోతే జట్టు చిత్తుగా ఓడిపోతుందనుకున్నా. గెలిచారు! దొంగకి తేలు కుట్టినట్టు, కిక్కురుమనకుండా చప్పట్లు కొట్టి వచ్చాను.

మా ఆవిడేమో "నొప్పి తగ్గిందా?" అంది, అంతే. ఆ రాత్రి కూడా లైటు ఆర్పాకే, దుప్పటి కిందే కాలు విప్పుకున్నా. నేను విప్పేదాకా ఆవిడ అటు తిరిగి పడుకుంటుంది. అటు తిరగమని నేనెప్పుడూ అడగలేదు. ఇటు తిరగమనీ అనలేదనుకో.

టైలరమ్మ ఊరుకుంటుందా? నిన్న మొహం మీదే అనేసింది. "మాస్టారూ, ఈ ఆదివారం కూడా నొప్పి అంటే మీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తా. చప్పట్లు కొట్టడానికి మాకు మనుషులున్నారు, ఆడేవాళ్ళే కావాలి."

ఏంటీ, అయిపోయిందా? ఏ లోపమూ లేదా? కొత్తదానిలా ఉందా?

ఆగాగు, తొడక్కు! అక్కడే పెట్టు.

ఆడలేక మద్దెల ఓడు అంటారే, నాది అంతకన్నా అన్యాయం. మద్దెల బాగానే ఉందని నాకు ముందే తెలుసు. ఇది కిర్రుమనలేదు తమ్ముడూ. ఒక్కనాడూ అనలేదు.

దీన్ని ఆదివారం సాయంత్రం దాకా నీ దగ్గరే ఉంచు. బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఇంట్లో ఉందంటే పొద్దున్నే తొడిగేసుకుంటా, ప్యాంటు నలక్కుండా వెళ్ళి మళ్ళీ ఆ ముందు వరసలో కూర్చుంటా. నన్ను నేను ఎరగనా? నా ధైర్యం మీద నాకు నమ్మకం లేదు. నీ తాళం మీద ఉంది. ఎవరైనా అడిగితే రిపేరులో ఉందని చెప్పు. రిపేరు కాలికా, మనిషికా అని అడిగితే మాత్రం నీకు తెలీదు.

ఉంచుతావా? బంగారుకొండవి! ఆ మూలనున్న చంకకర్రలు ఇలా అందుకో. ఆఁ, ఎత్తు సరిపోయింది. ఇదిగో, లేచాను కూడా. ఇప్పుడు ఫౌలు అనేవాళ్ళెవరూ లేరుగా!

ఏంటి, తలుపు వైపు చూస్తున్నావు?

ఓరి భగవంతుడా! నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆదివారం దాకా ఆలోచించినవాణ్ణి, ఈ గదిలోంచి ఇప్పుడు బయటికి ఎలా వెళ్ళాలో ఆలోచించలేదు. నన్ను స్కూటర్ మీద తీసుకొచ్చింది మా ఆవిడేగా! ఆ బయట బెంచీ మీద కూర్చునుంది. "ఒక్క పది నిమిషాలు, కిర్రు తీయించుకుని వచ్చేస్తా" అని చెప్పొచ్చా.

కాలు ఇచ్చేయనా అంటావా? ఇలా ఇచ్చెయ్... వద్దు. వద్దొద్దు. చూశావా, చెయ్యి అప్పుడే చాపేశాను! అందుకే చెప్పింది. లోపల పెట్టు. తాళం వెయ్యి ముందు.

ఊఁ. ఈ ప్యాంటు కాలు వేలాడుతోంది, మడిచి పిన్నీసు పెట్టు. చాలు, మోకాలి దాకా చాలు.

ఆవిడ నన్ను చూడగానే నవ్వొచ్చేలా ఏదో ఒకటి అనెయ్యాలి, మొహం మారకముందే. ఇందాకట్నుంచీ నిన్ను ఇంత నవ్వించానా, ఇప్పుడు ఒక్కటంటే ఒక్కటి నోటికి రావట్లేదు.

తలుపు తియ్యి తమ్ముడూ.