మూడో బెంచీ మీద టిష్యూ పొట్లం

అధ్యక్షులు బాబ్జీ గారికి, పార్థసారథి మాస్టారికి, వారి శ్రీమతి హైమావతి ఆంటీకి, పెద్దలకి, పిల్లలకి నా సలాం, నమస్కారం.

పదో తరగతి పరీక్షల తరువాత నేను కలం పట్టింది సామాన్ల చీటీలకీ, పిల్లల బడి ఫారాలకీ మాత్రమే. ఇవాళ మాస్టారి వీడ్కోలు సభకి రాసుకుని రావడానికి కారణం మా ఆయన ముఖ్తార్. నా గొంతు రెండో వరుస దాటదన్నారు. రాసుకుంటే దాటుతుందా అని అడిగాను. "దాటదు గానీ, మధ్యల ఆగిపోవు" అన్నారు. (ఇక్కడ నవ్వుతారు, ఆగాలి.)

మాస్టారు సింగపూర్‌లో ఈ బిషాన్ పేట ఆదివారం తెలుగు తరగతిని ఇరవై రెండేళ్లు నడిపారు. అందులో పన్నెండేళ్లు నేను టీ పెట్టాను, చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించాను.

కిందటి జూన్ సెలవుల్లో మాస్టారు మా తరగతి వాళ్లని ఇంగ్లండు తీసుకెళ్లారు. అందరూ లండన్ చూస్తారు. మేము ఒక జిల్లా కేంద్రంలో పాత బడులు చూశాం. మాస్టారు చదివిన మిషన్ హైస్కూలు కట్టించిన పాదిరీ ఆ ఊళ్లో చదువుకున్నాడట. నాలుగు వందల ఏళ్ల రాతి బడి, చాకులతో పేర్లు చెక్కిన బెంచీలు. మాస్టారు మూడో బెంచీలో కూర్చున్నారు. ఫొటోకి బయటికి వెళ్తూ దాని మీద టిష్యూ పొట్లం పెట్టారు, మనం ఇక్కడ హాకర్ సెంటర్‌లో తిండి తెచ్చుకోవడానికి వెళ్తూ, ఈ చోటు నాదీ అని బల్ల చోప్ చేసుకున్నట్టే.

"మాస్టారూ, మీ చోటు ఎవరు తీసుకుంటారండీ, మనం తప్ప ఎవరూ లేరు కదా?" అంది మా తరగతి పిల్ల భువన.

"ఏమోనమ్మా, ఊరు కాని ఊరు" అన్నారు.

తిరిగి వచ్చేసరికి పొట్లం లేదు. అక్కడి కాపలా ఆవిడ సందర్శకుల పుస్తకంలో చిరునామా చూసి, రెండు నెలల తరువాత పోస్టులో పంపింది, "మీరు మరచిపోయిన వస్తువు" అని చీటీ పెట్టి. మాస్టారు దాన్ని అద్దాల బీరువాలో పెట్టారు. ఆంటీకి జలుబు చేసినా ఇవ్వలేదు. (ఆంటీ వైపు చూడాలి.)

ఆ ఊళ్లోనే ఆడపిల్లల పాత బడి కూడా చూశాం. ధాన్యం మార్కెట్టు పైన ఒక్క గది, ఒక్క కిటికీ. అక్కడ ఆడపిల్లలకి చదవడం నేర్పేవారట, రాయడం నేర్పేవారు కాదట. ప్రార్థన పుస్తకం చదవగలిగితే చాలనుకున్నారట. అందరూ కిందికి దిగిపోయారు. అసర్ వేళయింది, అక్కడే ఓ మూల నమాజు చేసుకున్నాను. దువాలో ఒక్కటే అడిగాను, రాయడం కూడా నేర్పే బడిలో నాకో చోటు ఇమ్మని.

మూడు వారాల కిందట మాస్టారు, మోకాళ్లు ఒప్పుకోవడం లేదు, ఈ కుర్చీలో ఎవరూ కూర్చోకపోతే నెలాఖరుతో తరగతి మూసేద్దాం అన్నారు. రాఫెల్స్ ప్లేస్ బ్యాంకుల్లో పెద్ద ఉద్యోగాలు చేసేవారంతా ఫోన్లు చూసుకున్నారు. "ఆంటీ, మీరే పాఠం చెప్పొచ్చు లా" అని ఇక్కడి పిల్లల యాసలో నాతో అంది మా తరగతి ఆనమ్. టీ చల్లారిపోతుందని నేను లోపలికి వెళ్లిపోయాను. టీ అప్పటికింకా పెట్టనే లేదు.

ఈ ఉదయం తరగతి గది తాళం తీసింది నేనే. ఆంటీని అడిగి తెచ్చిన ఆ పొట్లాన్ని మాస్టారి కుర్చీ మీద పెట్టాను. దయచేసి ఎవరూ తీయకండి.

(ఆగాలి. నీళ్లు తాగాలి.)

మాస్టారూ, విన్నవారందరికీ కృతజ్ఞతలు చెప్పి ఈ కాగితాలు మీ చేతికిస్తాను. దాచుకోండి, ఎవరికీ చూపించకండి. ఎర్ర సిరాతో దిద్దితే మాత్రం వచ్చే ఆదివారం తరగతికి ముందు నాకొక్కదానికే చూపించండి. సెలవు.